నల్లబడిన నూనె

నా చిన్నప్పుడు మూడేళ్లు మా మామ ఇంట్లో ఉన్నాను. మామ అంటే మా అమ్మకు అన్న. ఊరు కోస్గికి దగ్గరే. మా అమ్మ, బాపు దసరా పోగానే కూలీల గుంపుతో కలిసి కాలువ పనులకు కర్ణాటక వైపు పోయేవాళ్లు. మట్టి తవ్వి గట్టు పోసే పని. మళ్లీ తొలకరి దగ్గర పడ్డాక తిరిగి వచ్చి, వానాకాలం నాలుగు నెలలు ఊళ్లో ఉండేవాళ్లు. తమ్ముడు పాలు తాగే పిల్లవాడు కాబట్టి చంకన వేసుకుని పోయేవాళ్లు. నాకు బడి ఉందని నన్ను మామ దగ్గర వదిలేవాళ్లు. మొదటిసారి వదిలినప్పుడు నాకు ఏడేళ్లు.

మామ, అత్తమ్మ చెడ్డవాళ్లు కాదు. అత్తమ్మ తన పిల్లలకు పెట్టిందే నాకూ పెట్టేది. అయినా నేను ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నట్టు ఉండేది. సాయంత్రం పిల్లలందరూ వాళ్ల వాళ్ల అమ్మల కొంగు పట్టుకుని తిరుగుతుంటే నాకు ఎటు పోవాలో తెలిసేది కాదు. గొడ్ల కొట్టం దగ్గర బండ మీద కూర్చుని లాంతరు చిమ్నీలు తుడిచేదాన్ని. ఎవరూ చెప్పకుండానే ఆ పని నా నెత్తిన వేసుకున్నాను. ఏడ్చేదాన్ని కాదు. నేను ఏడ్చిన సంగతి అమ్మ దాకా పోతే ఆమెకు అక్కడ పని సాగదని, బాపు కోపం చేస్తాడని నాకు నేనే అనుకున్నాను. ఊరంతా నన్ను మెచ్చుకునేది. ఇంత బుద్ధిమంతురాలైన పిల్లను చూడలేదని అనేవాళ్లు. ఆ మెప్పు కూడా తోడయ్యాక ఇక ఏడుపు అసలే బయటికి రాలేదు.

మా పక్కింటి కాక కూడా ఆ గుంపులోనే పని చేసేవాడు. నడుమ ఒకటి రెండుసార్లు ఊరికి వచ్చి అందరి బాగోగులు కనుక్కుని పోయేవాడు. అప్పుడు ఫోన్లు లేవు, కాకనే మాకు ఉత్తరం. వచ్చినప్పుడల్లా "ఎట్లున్నవ్ బిడ్డా, మీ అమ్మకు ఏం చెప్పమంటవ్" అని అడిగేవాడు. "మంచిగనే ఉన్న కాక" అనేదాన్ని. ఆయన అదే మాట మోసుకుని పోయేవాడు.

మూడో ఏడు మా మామ పాత ట్రాక్టరు కొన్నాడు. ఊళ్లో అదే మొదటిది. పొద్దున లేచి అత్తమ్మ ముఖం కంటే ముందు దాని ముఖం చూసేవాడు. దానితో పాటు ఒక పుస్తకం వచ్చింది. ఏ నూనె పోయాలో, ఏ బోల్టు ఎంత బిగించాలో అన్నీ అందులో ఉంటాయట. మా మామ ఆ పుస్తకానికి కుంకుమ బొట్టు పెట్టి, పసుపు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టాడు. రోజూ దండం పెట్టుకున్నాడు గాని ఒక్కసారీ విప్పి చూడలేదు.

తొలకరి ముందు దుక్కుల కోసం ఇంజను నూనె మార్చాడు. పట్నం నుంచి సీలు డబ్బా తెప్పించి పోశాడు. ఒక పూట దున్ని వచ్చి, నూనె ఎంతుందో చూసే ఇనప పుల్ల బయటికి లాగి చూస్తే నూనె నల్లగా ఉంది. మామ గుండె జారిపోయింది. మా దగ్గర అందరికీ తెలిసిన నూనె గానుగ పల్లినూనె ఒక్కటే. తేటగా, పసుపుగా ఉంటే మంచిది, నల్లగా ఉంటే మాడినది. ట్రాక్టరు నూనెనూ అదే కంటితో చూశాడు. దుకాణంవాడు మోసం చేశాడని తిట్టి, ఆ నూనెంతా కింద పారబోసి, పిండి గిర్నీ యంత్రానికి పోసే నూనె డ్రమ్ము నుంచి పట్టించుకొచ్చి పోశాడు. నాలుగు రోజులైనా ఆ నూనె తేనె రంగు తగ్గలేదు. దారిన పోయేవాళ్లను పిలిచి పుల్ల లాగి చూపించేవాడు. "చూడుండ్రి, పల్లినూనె లెక్క ఎంత తేటగుందో" అని మురిసిపోయేవాడు.

పదిహేను రోజులకు ఇంజను టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. మెరకల మీద కష్టంగా మూలిగేది, పొగ కక్కేది. ఆకాశంలో మబ్బులు తిరుగుతున్నాయి. దున్నిస్తానని మామ ఊళ్లో సగం మందికి మాట ఇచ్చి ఉన్నాడు. అప్పుడు కోస్గి నుంచి మిస్త్రీ తాతకు కబురు పెట్టారు. ఇంజన్లు బాగుచేసే ముసలాయన. సైకిలు మీద వచ్చి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. మా మామ చెప్పే మాటలు ఒక్కటీ వినలేదు. తర్వాత పుల్ల లాగి నూనె చూసి, "గిది ఎవరు పోసిండ్రు" అన్నాడు. మామ గర్వంగానే చెప్పాడు. తాత వాదించలేదు. నన్ను పిలిచి, లాంతరు చిమ్నీల మసి, కుండల అడుగు మసి గీకి తెమ్మన్నాడు. రెండు మందు సీసాలు కడిగించాడు. సీలు డబ్బా అడుగున మిగిలిన నూనె ఒక దాంట్లో, గిర్నీ నూనె ఇంకో దాంట్లో పోశాడు. రెంటిలోనూ చెరో చిటికెడు మసి వేసి, బాగా ఊపి, గోడ మీద ఎండలో పెట్టాడు. తినివచ్చి చూద్దామని చెప్పి సద్ది మూట విప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి గిర్నీ నూనె సీసాలో మసి అంతా అడుగుకు దిగి పైన నూనె మళ్లీ తేటపడింది. డబ్బా నూనె సీసా మాత్రం పై నుంచి కింద దాకా నల్లగా అట్లాగే ఉంది. "గిప్పుడు చెప్పు, ఏది మంచిది" అని మామను అడిగాడు. మామ తడుముకోకుండా తేట సీసాను చూపించాడు. తాత రెండు సీసాలనూ మట్టిలో బోర్లించాడు. నల్ల నూనె మసితో సహా జారిపోయి సీసా గాజు బయటపడింది. తేట నూనె కారిపోయింది గాని, మసి ముద్దకట్టి సీసా అడుగునే పట్టుకుని ఉండిపోయింది.

"డీజిల్ కాలినంక మసి పుట్టక తప్పదు పటేలా. గా మసి నూనె మోయాలె, లేకుంటె ఇంజన్ మోయాలె. నల్లగైందంటె నూనె పని చేస్తున్నట్టు. గీ తేట నూనె ఏం మోయలే, అంతా లోపట్నే ఇడిసిపెట్టింది" అన్నాడు.

తాత ఇంజను పై మూత విప్పాడు. లోపల సందుల నిండా మడ్డి పేరుకుని ఉంది. ఆయన చెయ్యి పట్టని మూలల్లో నా చెయ్యి పెట్టించి గీకించాడు. పుట్టెడు నలుపు. వేళ్లకు అంటుకుంటే వదలదు. తేనె రంగు నూనె కింద ఇంత ఉందా అని నాకు ఆశ్చర్యం కంటే భయం వేసింది. ఎందుకు భయమో అప్పుడు తెలియలేదు.

ఆ తర్వాత దేవుడి గూట్లోని పుస్తకం బయటికి వచ్చింది. బొట్టు మీద చెయ్యి పడకుండా మామే తెచ్చాడు. తాతకు ఇంగ్లీషు రాదు, నాకూ రాదు, కాని అంకెలు ఇద్దరికీ వచ్చు. నూనె బొమ్మ ఉన్న పేజీలో చలికి ఒక నెంబరు, ఎండకు ఒక నెంబరు ఉన్నాయి. "మనది ఎండ దేశమా, చలి దేశమా బిడ్డా" అని నన్ను అడిగి తనే నవ్వుకున్నాడు. పుస్తకంలో ఉన్న నెంబరే డబ్బా మీద ఉండాలి, డీజిల్ ఇంజనుకని రాసి ఉండాలి, మూతకు సీలు ఉండాలి అని నాతో మూడుసార్లు చెప్పించాడు. మా మామ నా వెనుకే నిలబడి పెదవులు కదుపుతూ నేర్చుకున్నాడు. ఆయనకు అది నామోషీ, అందుకే తెలియనట్టు ఊరుకున్నాం.

కొత్త డబ్బా కోసం మామ సైకిలెక్కి పోయాక తాత లాంతర్లలో పోసే గ్యాసునూనె తడిపిన గుడ్డతో నా చేతులు తుడిచాడు. తుడుస్తూ, "మీ అమ్మ యాదికొస్తదా" అని అడిగాడు. రాదని చెప్పాను. మంచిగనే ఉన్నానన్నాను. ఆయన సరే అని గోళ్ల సందుల్లో మరకలు తుడుస్తూనే ఉన్నాడు. ఏమీ బోధించలేదు. ఆయన మనసులో ఏమైనా ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రమే పక్కింటి కాక వచ్చాడు. మర్నాడు గుంపు దగ్గరికి తిరిగి పోతాడు. అత్తమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి, ఈసారి కాలువ పని తెగలేదని, గుంపు మేస్త్రీ వానాకాలం కూడా ఉండమంటున్నాడని చెప్పాడు. "పిల్ల మంచిగుంటె ఈ ఏడు రాము, వచ్చే దసరాకు చూస్తం అంటున్నరు మీ అమ్మోళ్లు. ఏం చెప్పమంటవ్ బిడ్డా" అన్నాడు.

ఎప్పుడూ చెప్పే మాట నోటి దాకా వచ్చింది. బయటికి రాలేదు. వానాకాలం కూడా అమ్మ రాకపోతే అన్న ఆలోచన ఒక్కటే బుర్రలో తిరిగింది. "అమ్మను రమ్మను కాక. నాకు ఒక్కదానికి మనసున పడ్తలేదు" అన్నాను. అని, అందరి ముందూ ఏడ్చాను. మూడేళ్ల ఏడుపు కదా, ఆపుదామన్నా ఆగలేదు. కాక బిత్తరపోయి చేతిలో చెంబు కింద పెట్టడం కూడా మరిచిపోయాడు.

అత్తమ్మ ముఖం మాడిపోయింది. "మేమేం తక్కువ చేసినం బిడ్డా" అంది. ఏమీ తక్కువ చేయలేదు నిజంగానే. ఆ తర్వాత ఇల్లు కొన్నాళ్లు బరువుగా ఉండింది. మంచిపిల్ల అన్న పేరు ఒక్కపూటలో పోయింది. అత్తమ్మ నాతో ముభావంగా ఉండేది. నేను చేసింది తప్పేమోనని బండ మీద కూర్చుని రోజూ అనుకునేదాన్ని. అప్పుడు కలిగినంత ఒంటరితనం అంతకు ముందు మూడేళ్లలోనూ లేదు. ట్రాక్టరు మాత్రం కొత్త నూనెతో హాయిగా దున్నుతోంది. మామ పుల్ల లాగి నల్లగా ఉంటే తృప్తిగా తల ఊపేవాడు.

పద్దెనిమిదో రోజు అమ్మ వచ్చింది. తమ్ముణ్ణి ఎత్తుకుని, బస్సు దిగిన చోటు నుంచి నడిచి వచ్చింది. బాపు అక్కడే ఉండిపోయాడు. నన్ను చూసి అమ్మ ఏడవలేదు, దగ్గరికి లాక్కోలేదు. కాళ్లు కడుక్కుని, వాకిట్లో కూర్చోబెట్టుకుని నా తలకు నూనె పెట్టి దువ్వడం మొదలుపెట్టింది. చాలాసేపు దువ్వింది. కోపం వచ్చిందేమోనని నేను కదలకుండా కూర్చున్నాను. అప్పుడు నా వెనుక నుంచి, ముఖం కనపడకుండా, మెల్లగా అంది.

"కాక వచ్చినప్పుడల్లా పిల్ల మంచిగనే ఉంది అని చెప్తుండె. గా దినం నాకు బువ్వ మింగుడు పడకపోతుండె. నా బిడ్డ నన్ను మరిచిందనుకున్న."

అమ్మ మళ్లీ కాలువ పనికి పోలేదు. బాపు ఒక్కడే పోయి వచ్చేవాడు. ఇల్లు గడవడం కష్టమైంది. అయినా అమ్మ ఊళ్లోనే కూలికి పోయి నన్ను తన దగ్గరే ఉంచుకుంది.

నాకిప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి. తెలంగాణ వచ్చాక మా చెరువుకు పూడిక తీశారు, ఊళ్లో ట్రాక్టర్లు లెక్కకు మిక్కిలి అయ్యాయి. మాకూ ఒకటుంది. మా ఆయన పోయాక డ్రైవరును పెట్టుకున్నాను గాని నూనె మాత్రం కోస్గి పోయి నేనే కొంటాను. దుకాణం పిల్లలు రంగురంగుల డబ్బాలు పరిచి, పాత ఇంజనుకు చిక్కటిది పోయమ్మా, ఇది అసలు నల్లబడదమ్మా అని ఊదరగొడతారు. నేను పుస్తకం తెరిచి నెంబరు చూపిస్తాను. ఈ ముసలమ్మతో పెట్టుకోవద్దని వాళ్లలో వాళ్లు అనుకుంటారు.

నూనె సంగతి సరే. ఆ ఏడు నేను తెలుసుకున్నది ఇంకొకటి ఉంది. నా దిగులు దాచి అమ్మ బరువు తగ్గిస్తున్నాననుకున్నాను. నిజానికి మూడేళ్లు ఆమెను పరాయి ఊళ్లో, పరాయి మట్టి మీద బిడ్డ లేని తల్లిని చేశాను. నా మంచితనం చేసిన పని అది. మా అమ్మాయి హైదరాబాదులో ఉంటుంది. ఇంటిపని, ఉద్యోగం, తీరిక ఉండదు. ఫోన్ చేసి ఎట్లున్నవమ్మా అని అడిగితే చాలామంది తల్లుల్లాగా నాకూ ఒక మాట తయారుగా ఉంటుంది. దాన్ని మింగేసి, "ఇయ్యాల మనసు మంచిగ లేదు బిడ్డా, జరసేపు మాట్లాడు" అంటాను. అవతల చేస్తున్న పని చప్పుడు ఆగిపోతుంది. కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినపడుతుంది.