బాపు మనసులోంచి పోని మాట

ఇవాళ లక్సెట్టిపేటలో ఓ చాయ్ హోటల్ ముందు బొగ్గుల పొయ్యి వాసన తగిలి ఆగిపోయాను. శ్రీరాంపూర్ బొగ్గు గని క్వార్టర్లలో నాతో పెరిగినవాళ్లకు గుర్తుందా, సాయంత్రమైతే ప్రతి గుమ్మం ముందూ ఆ పొగే!

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అవ్వ, అంటే మా అమ్మ, జ్వరంతో చనిపోయింది. దినాల నాడు పక్కింటామె నన్ను చూపించి "గీ పిల్ల జాతకమే మంచిగ లేదు" అంది. నేనది నమ్మాను. బడికి పోవడం మానేశాను.

ఒక సాయంత్రం బాపు గని నుంచి వచ్చి, పొయ్యి రాజేస్తూ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అన్నది ఆమె బిడ్డా. గా మాట మనసుల ఉంచుకునుడు, తీసేసుడు నీ చేతులనే ఉన్నది. నీ బదులు నేను తియ్యలేను."

"మరి నీ మనసుల ఏమున్నది బాపు?"

బాపు పొయ్యిలో బొగ్గులు ఎగదోశాడు.

"జర ముందుగాల దవాఖానకు తీస్కపోతే మీ అవ్వ బతుకుతుండె అని."

"నువ్వు సుత తీసెయ్యరాదు?"

"నాతోని అయితలేదు బిడ్డా."

మర్నాడు నేను బడికి వెళ్లాను. ఆ మాటను మెల్లమెల్లగా వదిలించుకున్నాను. బాపు మాత్రం ముసలివాడైనా వదిలించుకోలేకపోయాడు. పోయిన ఏడాది, ఆఖరి ఘడియల్లో నన్ను చూసి అవ్వ అనుకున్నాడు.

"నన్ను మాఫ్ చెయ్యవే" అన్నాడు.

నేనే అవ్వనైనట్టు "నీ తప్పేం లేదు" అన్నాను. ఆయనకు వినపడిందో లేదో ఇప్పటికీ తెలియదు.