రెండడుగులు వెనక్కి

మా ఇగ్బో-ఒరా ఊళ్లో కవలలు లేని వీధి లేదు. ఒకే తానులో రెండు గౌన్లు కత్తిరించి కుట్టడంతోనే నా మిషను ముప్పై ఏళ్లుగా ఆడుతోంది. అకాన్ని అనేవాడి కథ చెప్పే హక్కు నాకుంది, చెప్పడానికి సిగ్గు కూడా ఉంది. అతను చేసిన తప్పులో నా నోటి వాటా కొంత ఉంది మరి.

అకాన్ని తపాలా ఆఫీసులో రిజిస్టరు ఉత్తరాల కౌంటరు దగ్గర కూర్చుంటాడు. మా లోగిట్లోనే, నా కొట్టుకి ఎదురుగా అతని గది. వాళ్ల నాన్న వదిలిపోయిన ఆస్తల్లా ఒక పాత కెమెరా, దానికో చిన్న లెన్సు. తర్వాత కొత్తరకం కెమెరా కొనుక్కున్నా ఒక రింగు పెట్టి నాన్న లెన్సునే దానికి బిగించుకున్నాడు. ఆదివారం వస్తే చాలు, వీధిలో ఎవరు పిలిచినా వెళ్లి ఫొటో తీసేవాడు. మంగళవారానికల్లా కాగితం మీద వేయించి చేతికిచ్చేవాడు. కొత్తగా పుట్టిన పిల్లలూ, పళ్లూడిన ముసలమ్మలూ, కొమ్ముల మేకలూ అందరూ ఆ చిన్న లెన్సులో తేటగా పట్టేవారు. "మా అకాన్ని" అనేవాళ్లు వాళ్లంతా.

ఆ తర్వాత ఫోనులో ఏదో ఫొటోల గుంపులో చేరాడు. ఇబాదాన్, లాగోస్ పట్నాల మగాళ్లు. పొద్దున లేస్తే ఎవరి దగ్గర ఏ లెన్సుందన్నదే వాళ్ల మాట. తీసిన ఫొటోలో ఉన్నది ఎవరని ఒక్కడూ అడగడు. మా వాడికి ఆ పిచ్చి తలకెక్కింది. దూరాన కొంగల్ని తీసేదొకటి, కందిరీగ కళ్లు తీసేదొకటి కొన్నాడు. ఒక ఆదివారం మా పిన్ని తలకి కొత్త గుడ్డ చుట్టుకుని గంటన్నర కూర్చుంటే, ఆమె వెనక గోడ మీద పాకుతున్న తొండని తీసుకుంటూ కూర్చున్నాడు. నాన్న లెన్సు ఆఫీసులో ఉత్తరాలు ఫ్యాను గాలికి ఎగరకుండా బరువు పెట్టుకోవడానికి పనికొచ్చింది.

ఒక రోజు ఆఫీసు నుంచి నడిచి వస్తుంటే అడిగాను.

"మోటారుసైకిలు ఏదీ తమ్ముడూ?"

"లెన్సయింది అక్కా," అన్నాడు, పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ.

పెద్ద నోటి లెన్సది, చిన్న రోలంత ఉంటుంది. దాని కన్ను పూర్తిగా తెరిస్తే ఒక్క మనిషి ముఖమే తేటగా వస్తుందట. ఆ మనిషికి వెనక ఏమున్నా కరిగి మసకైపోతుందట. "జావలాగా అక్కా, ఉండలు లేని జావలాగా!" అని వేళ్లు ముద్దు పెట్టుకున్నాడు.

ఆ లెన్సుకి మొదటి పని మోరెనికె పిల్లలతో పడింది. మోరెనికె లారీలు ఆగేచోట అమలా ముద్ద, బెండకాయ పులుసు అమ్ముతుంది. మొగుడు లారీ మీద ఉత్తరాదికి పోతే నెలల తరబడి రాడు. తైవో, కెహిండే అని ఆమెకిద్దరు ఆడపిల్లలు, ఒకే అచ్చు. కన్నతల్లి కూడా గుండీలు చూసే పోల్చుకునేది. నీలిమందు అద్దకం గుడ్డలో ఒకలాంటి గౌన్లే కుట్టి, తైవోకి తెల్ల గుండీలు, కెహిండేకి ఎర్ర గుండీలు వేసేదాన్ని. ముందు పుట్టింది తైవో అయినా మా లెక్కలో కెహిండేయే పెద్దది. లోకం ఎలా ఉందో చూసి రమ్మని చెల్లెల్ని ముందు తోలిందన్నమాట.

వాళ్లకి ఏడు నిండిన రోజున, కవలల పేరు మీద వండిన అలసందలు వీధి పిల్లలందరికీ పంచాక, అకాన్ని ఇద్దర్నీ లోగిట్లో నిలబెట్టాడు. మొదట పక్కపక్కనే పెట్టి నాలుగైదు తీశాడు. పెదవి విరిచాడు.

"మామూలుగా ఉంది. కెహిండే, నువ్వు రెండడుగులు వెనక్కి వెళ్లు తల్లీ."

"వెళ్తా బాబాయ్," అంది కెహిండే గొప్పగా. "నేను అక్కని కదా, దాన్ని ముందు పంపి వెనక నేనొస్తా."

అందరం నవ్వాం.

వారం తర్వాత ఫొటో పెద్దదిగా వేయించి తెచ్చాడు. తైవో కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఆమె భుజం వెనక నీలంగా, గోధుమరంగుగా ఒక మబ్బు, అందులో నాలుగు ఎర్ర చుక్కలు. గుంపులో రెండువందల మంది మెచ్చుకున్నారట. మోరెనికె ఫొటోని దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని చూసింది.

"బాగుంది తమ్ముడూ. కెహిండే మొహమేదీ?"

అకాన్ని నోరు తెరిచేలోపు నేనే అందుకున్నాను. "అది పట్నం ఫ్యాషనే పిచ్చిదానా! పులుసు కలుపుకునే చేతులకి కళ ఏం తెలుస్తుంది?" వీధంతా వినేలా అన్నాను. మోరెనికె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

"వచ్చే ఆదివారం కెహిండేని ముందు పెట్టి తీస్తాలే వదినా," అన్నాడు అకాన్ని. ఆ ఆదివారం లెన్సు ముందు తగిలించే ఏదో రంగు అద్దం వచ్చింది, దాన్ని పట్టుకుని కొండెక్కాడు. ఆ పై ఆదివారం వానలు పట్టుకున్నాయి.

ఆ వానల్లోనే కెహిండేకి జ్వరం వచ్చింది. నాలుగో రోజుకి పిల్ల లేదు.

కవలల్లో ఒకరు పోతే మేం పోయారనం, ఏడవం కూడా. ఏడిస్తే రెండోది వినేసి వెంట వెళ్తుందని భయం. తైవోకి అక్క లాగోస్ వెళ్లిందని చెప్పారు. మోరెనికె పొయ్యి ముందు కూర్చుని, పొగ సాకు పెట్టుకుని కళ్లు తుడుచుకునేది.

రెండు వారాలకి ఫొటో కొంగులో చుట్టుకుని అకాన్ని గదికి వచ్చింది. "నీ దగ్గర అన్ని మిషన్లున్నాయి కదా తమ్ముడూ. ఈ మసక కాస్త తుడిచిపెట్టు. మొహం కనబడితే చాలు. ఎంత చిన్నదైనా పర్లేదు."

మూడు రోజులు సెలవు పెట్టి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తర్వాత నా కొట్టుకి వచ్చి, మిషను పక్కన నేల మీద కూలబడ్డాడు.

"లేదక్కా. అందులో మొహమే లేదు. లేనిదాన్ని ఎక్కణ్నించి తేను?"

"మొదట పక్కపక్కన పెట్టి తీశావు కదరా, అవేవీ?"

"చెరిపేశాను. మామూలుగా ఉన్నాయని ఆ పూటే చెరిపేశాను. కొంగల్ని మాత్రం మూడువేలు దాచుకున్నాను అక్కా."

తిట్టాను. దరిద్రుడా అన్నాను, నీ చేతులు పడిపోను అన్నాను. తల వంచుకుని అన్నీ పడ్డాడు. తిట్టి తిట్టి అలిసిపోయాక, ఆ రోజు మోరెనికె నోరు మూయించింది నేనే కదా అని గుర్తొచ్చింది. నేను నోరు మూసుకుని ఉంటే ఆ తల్లి మళ్లీ తీయమనేది. అప్పటికప్పుడే తీసేవాడు, పిల్ల అక్కడే ఉంది.

అప్పట్నించి అతను లారీలు ఆగేచోటు వైపు వెళ్లడం మానేసి, కాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి ఆఫీసుకి పోయేవాడు. నేనూ పులుసు తెచ్చుకోవడానికి పక్కింటి పిల్లని పంపేదాన్ని. ఇద్దరికిద్దరం దొంగలమే.

చివరికి మోరెనికెయే వచ్చింది, ఒక చేత్తో తైవోని, ఇంకో చేత్తో రెండు గౌన్లని పట్టుకుని. వాళ్లమ్మ ఇంట్లో అలాంటి పాత ఫొటో ఉందట. కవలల్లో మిగిలిన పిల్లని రెండుసార్లు తీసి, పక్కపక్కన ఒకే కాగితం మీద వేస్తే జంట మళ్లీ జంటవుతుంది. మా పెద్దవాళ్లు చాలామంది అలా చేయించుకున్నవాళ్లే.

అకాన్ని ఆఫీసుకి పరిగెత్తి ఉత్తరాల మీద నుంచి నాన్న లెన్సు తెచ్చాడు. చొక్కా అంచుతో దుమ్ము తుడిచి బిగించాడు. తెల్ల గుండీల గౌనులో తైవోని తీశాడు. అది నవ్వింది, తేలిగ్గా అయిపోయింది.

లోపలికి తీసుకెళ్లి ఎర్ర గుండీల గౌను నేనే తొడిగాను. నాలుగు గుండీలు పెట్టడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

"ఇప్పుడు నేను అక్కనా?" అంది తైవో.

"అవునమ్మా. ఈ ఒక్క ఫొటోకి."

బయటికి వచ్చింది. అకాన్ని గీసిన సుద్ద గీత దాకా నడిచింది. అక్కడ ఆగి, ఎవరూ చెప్పకుండానే, లెక్కపెట్టుకుంటూ రెండడుగులు వెనక్కి వేసి నిటారుగా నిలబడింది.

"ఇక్కడే కదా బాబాయ్, అక్క నిలబడేది?"

అకాన్ని కెమెరా దించేశాడు. వెళ్లి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "కాదమ్మా. అక్కది కూడా ముందు చోటే. నేనే వెనక్కి పంపాను." తర్వాత మోరెనికె వైపు తిరిగాడు. "వదినా, ఇద్దరూ బాగా వచ్చినవి నాలుగైదు ఉండేవి. నా చేత్తో నేనే చెరిపేశాను. నీకు చెప్పలేదు."

నేనూ ఏదో అనబోయాను. మోరెనికె చెయ్యెత్తింది.

"తియ్యి," అంది. అంతే అంది. పిల్ల భుజాలు పట్టుకుని తనే గీత దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టింది.

ఫొటో చక్కగా వచ్చింది. ఇద్దరు పిల్లలు, తెల్ల గుండీలు, ఎర్ర గుండీలు, ఎక్కడా మసక లేదు. అకాన్ని అద్దం కట్టించి స్వయంగా మోరెనికె ఇంటికి తీసుకెళ్లి మేకు కొట్టాడు. నేనూ వెంట వెళ్లాను. ఆ గోడకి పాత ఫొటో వేలాడుతోంది.

"దాన్ని తీసేస్తాను వదినా," అని దాని మేకు మీద చెయ్యి వేశాడు.

"దాని జోలికి పోకు," అంది మోరెనికె. కొత్త ఫొటోలో ఎర్ర గుండీల పిల్లని చూపించింది. "ఇది తైవో. ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు." పాతదాంట్లో ఆ మబ్బు మీద అరచెయ్యి పెట్టింది. "నా కెహిండే ఇది."

అకాన్ని చెయ్యి మేకు మీదే ఉండిపోయింది. మోరెనికె మా ఇద్దరికీ పళ్లేలు కడిగి అమలా వడ్డించింది, పులుసు పోసింది. తినమంది. తిన్నాం.