ఆవిడ చెయ్యి మంచిదే

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. గొంతులో చేపముల్లు దిగబడినట్టు ఇన్నేళ్లూ దీన్ని అక్కడే పెట్టుకుని తిన్నాను, తిరిగాను, నలుగురిలో కూర్చుని జోకులు వేశాను. అది మాత్రం లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

కొత్త కారు కొనేవాళ్లు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. షోరూమ్‌లో పెయింట్ ప్రొటెక్షన్ వేయించుకోమంటున్నారు, డబ్బు పెట్టొచ్చా అని అడుగుతారు. అక్కర్లేదండీ అంటాను. రంగు మీద కంపెనీవాళ్లే ఒక పొర వేసి పంపుతారు. నీడన పెట్టుకుని, ఏదైనా పడితే ఆ రోజే కడిగేసి, అప్పుడప్పుడూ మైనం పాలిష్ కొట్టించుకుంటే చాలు. ఇంత తేలిగ్గా చెప్పేస్తాను. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాదు. ఇదే మాట అప్పుడు ఏలూరులో ఎందుకు చెప్పలేదు? నోరు లేకనా? నాకున్నదే నోరు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఏలూరులో ఒక కార్ల షోరూమ్‌లో సేల్స్‌లో పనిచేసేవాణ్ని. కొల్లేటి వైపు చేపల చెరువుల వాళ్లు కార్లు కొంటున్న రోజులు. కారు ఎవరైనా అమ్ముతారు, కారుతో పాటు రంగు మీద వేసే కోటింగు అమ్మినవాడే మొనగాడు అనేవారు మా మేనేజరు గారు. నేను అమ్మేవాణ్ని. ఎండకి రంగు వెలిసిపోదండీ, ఉప్పుగాలి తగలదండీ, మీ చెరువుల మీద కొంగలు రెట్టలు వేసినా నీళ్లు పోస్తే జారిపోతుందండీ, ఐదేళ్లు చూసుకోనక్కర్లేదండీ. ఇవన్నీ ఊపిరి తీసుకోకుండా చెప్పేవాణ్ని. నిజమో కాదో నాకే తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మండవల్లి దగ్గర ఒక ఊరి నుంచి పెద్దిరాజు గారని ఒక చేపల రైతు, ఆయన భార్య సత్యవతి గారు వచ్చారు. మెరూన్ రంగు కారు. కోటింగు కూడా ఒప్పించాను. కారు లారీలో ఆలస్యంగా వచ్చింది. మర్నాడు పొద్దున్నే ముహూర్తం. కోటింగు వేసే పని మస్తాన్ గారిది. ఏలూరులోనే పుట్టి పెరిగిన పెద్దాయన, రంగుల పనిలో చెయ్యి తిరిగిన మనిషి. "ఇది వేశాక ఒక రోజంతా నీడన ఆరాలండీ. రేపు ఎండలోకి తీస్తే వేసీ దండగ. మొదటి సర్వీసుకి వచ్చినప్పుడు వేద్దామని చెప్పండి" అన్నాడు. ఎంత చిన్న మాట. వెళ్లి అదే మాట చెప్పేస్తే సరిపోయేది. చెబితే అప్పటిదాకా ఎందుకులే, అసలు వద్దులే అంటారేమోనని నాకు భయం. నెలాఖరు. మామూలు మైనం పాలిష్ కొట్టించమని మస్తాన్ గారికి చెప్పాను. కోటింగు వేసినట్టు గ్యారంటీ కార్డు రాసి, కింద సంతకం పెట్టాను. ఎవరికీ నష్టం లేదులే అనుకున్నాను.

ముహూర్తానికి పూజ అయింది. బానెట్ మీద పసుపు రాసి కుంకుమ పెట్టాలి. సత్యవతి గారు వెనక్కి తగ్గుతుంటే పెద్దిరాజు గారే ముందుకు పిలిచారు. ఈవిడ చెయ్యి మంచిదని మా ఊళ్లో పేరండీ అన్నారు, గర్వంగానే. ఎవరి చెరువులో చేపపిల్ల వదిలినా మొదటి దోసిలి ఆవిడ చేతే వదిలిస్తారట. ఆవిడ సిగ్గుపడి, వంగి, ఉంగరపు వేలితో నెమ్మదిగా మూడు బొట్లు పెట్టింది. చెయ్యి తుడుచుకుంటూ నాతో అంది, "నాకు పిల్లల్లేరు బాబూ. కానీ ఇన్ని చెరువుల్లో పిల్లలు నా చేతి మీంచే వెళ్లారు." నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను.

ఆ మాట ఎంత బరువైనదో నాకప్పుడు తెలియలేదు. పిల్లలు లేని ఆడమనిషిని మన వైపు శుభకార్యాల్లో ఎక్కడ నిలబెడతారో మీకు తెలిసే ఉంటుంది. ఆవిడని మాత్రం ఊరంతా ముందు నిలబెట్టింది. ఆవిడకున్న ఒకే ఒక్క పేరు అది.

ఏడాది తిరిగేసరికి భార్యాభర్తలిద్దరూ ఆ కారులోనే వచ్చారు. బానెట్ మీద రూపాయి బిళ్లంత మచ్చలు. రంగు చచ్చి, తెల్లగా పాలిపోయి ఉంది. చూడగానే నాకు అర్థమైపోయింది. చెరువు గట్టు మీద చెట్టు కింద పెడుతున్నారు, కొంగల రెట్టలు పడి ఎండకి కాలిపోయాయి. రెట్ట పడితే అప్పుడే కడుక్కోవాలి. కడగక్కర్లేదని చెప్పింది నేనే. పెద్దిరాజు గారు కేకలు వెయ్యలేదు. ఆయన మెత్తని మనిషి. కార్డు తీసి నా ముందు పెట్టి, ఇలా అయిందేంటండీ అన్నారు, అంతే. కార్డు మీద నా సంతకం. అద్దాల గదిలోంచి మేనేజరు గారు ఇటే చూస్తున్నారు. కోటింగు వెయ్యలేదని తేలితే ఆ సాయంత్రానికే నా ఉద్యోగం పోతుంది. ఒక మచ్చ సరిగ్గా బానెట్ మధ్యలో ఉంది, బొట్టు పెట్టిన చోటుకి దగ్గరగా. నా నోరు ఎప్పట్లాగే నాకంటే ముందు పరిగెత్తింది.

"ఆ రోజు అమ్మగారు కుంకుమ పెట్టారు కదండీ. ఈ మధ్య కుంకుమలో ఏవేవో కలుపుతున్నారండీ. అక్కణ్నించే కోటింగు చెడిపోయి ఉంటుంది" అన్నాను.

పెద్దిరాజు గారు తలతిప్పి భార్యని చూశారు. కోపంగా కాదు. ఓహో, అదా సంగతి అన్నట్టు. ఆవిడ ఎవరినీ చూడలేదు. తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. ఆ చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

ఉచితంగా రుద్దించి పంపాను. ఆయన నాకు థాంక్స్ చెప్పి మరీ వెళ్లారు.

మస్తాన్ గారు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు, "పైకప్పు మీద కూడా ఉన్నాయండీ మచ్చలు. అక్కడ ఎవరు బొట్టు పెట్టారండీ?" మీ పని మీరు చూసుకోండి అన్నాను, నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దవాడైన మనిషిని పట్టుకుని. ఆ తర్వాత ఆయన నాతో పని గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. పైకప్పు నేను చూడలేదని మీరు అనుకుంటారేమో, నేనూ చాలాకాలం నాకు అలాగే చెప్పుకోవడానికి ప్రయత్నించాను. ఆయన చెప్పకముందే, కారు లోపలికి వస్తున్నప్పుడే చూశాను. చూసే అన్నాను.

ఒక అబద్ధం అక్కడితో ఆగిపోతుందనుకున్నాను. కొన్నాళ్లకి అదే ఊరి నుంచి ఒకాయన కారు తీసుకోవడానికి వచ్చి, మాటల్లో చెప్పాడు. పెద్దిరాజు గారు ఊళ్లో సరదాకి అన్నారట, మా ఆవిడ బొట్టు పెడితే కంపెనీ రంగే ఊడిపోయింది అని. అందరూ నవ్వుకున్నారట. అదే ఏడాది ఆవిడ మొదటి దోసిలి వదిలిన ఒక చెరువులో ఒక్క తెల్లవారుజామున చేపంతా చచ్చి తేలిపోయిందట. మబ్బు పట్టి నీళ్లలో గాలి తగ్గితే ఏ చెరువులోనైనా చేప తేలుతుంది, ఆ సంగతి వాళ్లకి నాకంటే బాగా తెలుసు. కానీ ఈసారి ఎవరూ నవ్వలేదట. "ఇప్పుడావిణ్ని ఎవరూ పిలవట్లేదండీ. పాపం, ఆవిడే రావట్లేదు లెండి" అన్నాడు. నేను కారు తాళాలు ఆయన చేతిలో పెట్టి, శుభం అన్నాను.

ఆ తర్వాతైనా మండవల్లి బస్సెక్కలేదా అని అడగండి. ఎక్కాను. ఒకసారి కాదు, రెండుసార్లు. ఊరి మలుపు దగ్గర దిగి, టీ తాగి, వచ్చిన బస్సు పట్టుకుని వెనక్కి వచ్చేశాను. ఏమని చెప్పను? ఆ మాట వెనక్కి తీసుకుంటే చేపలు తేలినదాన్ని కూడా ఎవరైనా వెనక్కి తీసుకుంటారా? ఇలాంటి ప్రశ్నలు వేసుకుని తప్పించుకోవడంలో నాకు నేనే సాటి. అసలు కారణం పిరికితనం.

తర్వాత నన్ను తాడేపల్లిగూడెం షోరూమ్‌కి మేనేజరుగా పంపారు. నోరు మంచిదని పైకి తెచ్చారు. అక్కడికొక రోజు ఆవిడ వచ్చింది. మేనల్లుడు కారు కొంటుంటే తోడొచ్చింది. జుట్టు నెరిసింది. నేను గుర్తుపట్టనట్టు లోపలికి వెళ్లిపోదామనుకున్నాను. ఆవిడే గుర్తుపట్టింది.

"మీరు ఏలూరులో ఉండేవారు కదా బాబూ. బాగున్నారా?"

బాగున్నానండీ అన్నాను.

మా సేల్స్ కుర్రాడు ఆ మేనల్లుడికి కోటింగు గురించి చెబుతున్నాడు, నేను నేర్పిన మాటలే, నేను నేర్పిన వరసలోనే. మేనల్లుడు నవ్వి వద్దన్నాడు. "ఇవన్నీ వీళ్లు అంటగట్టేవి అత్తా. దండగ" అన్నాడు. నిజం చెప్పింది ఆ గదిలో అతనొక్కడే.

ఆవిడ అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మళ్లీ ఆగి, "వేయించుకో నాన్నా. నా మాట విను. నాలాంటి దాని చెయ్యి పొరపాటున తగిలినా అది రంగుని కాపాడుద్ది" అంది. తర్వాత నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగింది. "ఇప్పుడు మంచివి వచ్చాయి కదా బాబూ? అప్పటిలా పాడవ్వదు కదా?"

దేవుడు నాకు అంతకంటే దగ్గరగా తెచ్చి ఇవ్వలేడు. రెండు అడుగుల దూరం. ఒక్క మాట. అమ్మా, అప్పుడు అసలు కోటింగే వెయ్యలేదు, మీ చెయ్యి ఏ పాపం చెయ్యలేదు అనాలి. మా కుర్రాడు వింటున్నాడు. ఇంకో ఇద్దరు కస్టమర్లు ఉన్నారు.

"ఇప్పుడు చాలా బాగుంటున్నాయండీ" అన్నాను.

ఆవిడ తృప్తిగా తలూపింది. మేనల్లుడు అత్త మాట కాదనలేక ఒప్పుకున్నాడు. బిల్లు నేనే రాశాను. కారు ఇచ్చిన రోజు అతను, అత్తా, బొట్టు పెట్టు అని బతిమాలాడు. నువ్వే పెట్టుకో నాన్నా అంటూ ఆవిడ మెట్ల దగ్గరే నిలబడిపోయింది, కుడిచేతిని కొంగులో చుట్టుకుని.

మొదటిసారి అబద్ధం ఉద్యోగం కోసం ఆడాననుకోండి. రెండోసారి దేనికోసం ఆడాను? ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. నా పరువు కోసం అంటే, అప్పటికి నాకు ఏం పరువు మిగిలిందని?

క్షమించమని రాయడం లేదు. ఆవిడ చదువుకోలేదు, ఇది ఆవిడ దాకా వెళ్లదు. అసలు ఆవిడ ఉందో లేదో కూడా నాకు తెలియదు, కనుక్కునే ధైర్యం రాలేదు. మీది ఆ చెరువుల వైపైతే, చేపపిల్ల వదిలే రోజున గట్టు మీద దూరంగా చేతులు కొంగులో దాచుకుని నిలబడే పెద్దావిడ ఎవరైనా మీకు కనిపిస్తే, మొదటి దోసిలి ఆవిడ చేత వదిలించండి. ఆ చేతి మీద ఏ తప్పూ లేదు. ఆ మచ్చలు కొంగలవి. పైకప్పు మీద కూడా ఉన్నాయి. నేను చూశాను.