నాన్న పేరుతో వచ్చే ఫోన్లు

మేం మిరపకాయ దాచుకునే కోల్డ్ స్టోరేజీ వాళ్లు నా ఫోన్ నంబరూ, ఆధార్ నకలూ, మా నాన్న పేరూ దొంగల పాలు చేశారు. చేసి, చెయ్యలేదన్నారు.

వాళ్లేనని నాకెలా తెలుసంటే, ఫోన్ చేసిన ప్రతివాడూ నన్ను మా నాన్న పేరు పెట్టి పిలిచాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పొలం పాసుపుస్తకం మాత్రం ఇంకా ఆయన పేరునే ఉంది. మా వైపు సగం ఊరు అంతే; మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, పోయినవాళ్ల పేర్ల మీదే లోపలికి పోతాయి. ఆ పేరు పక్కన నా నంబరు రాసి, నా ఆధార్ నకలు జతచేసి ఉన్నది ఒక్క కోల్డ్ స్టోరేజీలోనే.

"సార్, మీ కేవైసీ గడువు అయిపోయిందండి," అంది ఒకమ్మాయి.

"ఆయన గడువే అయిపోయిందమ్మా."

"అయితే నామినీ ఎవరండి?"

అప్పుడు భయమేసింది. నా ఆధార్‌తో ఎవడో సిమ్ము కొని ఇంకెవణ్నో ముంచితే, పోలీసులు వచ్చేది నా గుమ్మానికే. సైబర్ నేరాల వాళ్లకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఆపైన ఒంగోలులో ఒక లాయరుగారి దగ్గరికి వెళ్లాను. మన వివరాలు కాపాడేందుకు వచ్చిన కొత్త చట్టం రెండుసార్లు చదువుకునే వెళ్లాను. నాది ఐదో తరగతి, ఆయనవి మూడు డిగ్రీలు. అది అర్థం కాకపోవడంలో మాత్రం ఇద్దరం సమానమే.

"కొత్త డేటా చట్టం ఇంకా పూర్తిగా అమల్లోకి రాలేదండి. వచ్చినా జరిమానా ప్రభుత్వానికే పోతుంది."

"దొంగలు పడింది నా ఇంట్లో కదండీ."

"అందుకే వినియోగదారుల కమిషన్‌కి వెళ్దాం. పరిహారం అడగొచ్చు. కాకపోతే మీ వివరాలు కోల్డ్ స్టోరేజీ వాళ్ల దగ్గర్నుంచే పోయాయని చూపించాలి."

"మా నాన్న పేరు చాలదా?"

"ఆ పేరు ఊరంతటికీ తెలుసంటారు. వాళ్లు రాసిచ్చిన ముక్క ఒక్కటి సంపాదించండి."

ఆ ముక్క కోసం కోల్డ్ స్టోరేజీకి ఉత్తరం రాశాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంకోటి రాసి, నేనే వెళ్లాను. మేనేజరు మజ్జిగ తెప్పించాడు.

"ఏం పెద్దాయనా, మా మీద పడ్డారు? మీ టిక్కీ ఒక్కటన్నా పోయిందా?"

"టిక్కీ పోతే వచ్చే ఏడు పండించుకుంటానయ్యా. పేరు పోతే ఏ చేలో పండించను? నా వివరాలు పోయాయో లేదో కాగితం మీద చెప్పు."

కాగితానికి బదులు ఇంకో గ్లాసు మజ్జిగ తెప్పించాడు. మజ్జిగ మాత్రం బాగుంది. లాయరు నోటీసు పంపించాను. దానికి సంస్థ ముద్రతో, మేనేజరు సంతకంతో జవాబు వచ్చింది:

"మా సంస్థ నుంచి మీ వివరాలేవీ బయటికి వెళ్లలేదని తెలియజేస్తున్నాము. వెళ్లినవి కూడా పోయిన సీజనువి మాత్రమే."