గుడ్లగూబ గొంతులో దారం

ఓస్లౌగ్ అక్క దేనికీ ముక్కు మూసుకునే మనిషి కాదు. ఉత్తరపు కొసన, మంచు సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరి చేపల ఫ్యాక్టరీలో నా పక్కనే నిలబడి కాడ్ చేపల పొట్టలు చీల్చి, ఆ చేతుల్ని ఏప్రానుకు తుడుచుకుని రొట్టె తినేది. అలాంటి మనిషి ఆ వసంతంలో తన వంటింటి సింకులో వాంతి చేసుకోవడం నేను కళ్లారా చూశాను.

ఫ్యాక్టరీ మూసేశాక మాలో సగం మంది దక్షిణానికి వెళ్లిపోయారు. అక్క మాత్రం పక్షుల్లో పడింది. పోయిన మొగుడి బైనాక్యులర్ మెడలో వేసుకుని, ఏప్రిల్ వస్తే చాలు, సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కొన మీద రాళ్ల చాటున కూర్చునేది. బాతులు నీళ్లకు ఆనుకుని బారులు బారులుగా తూర్పుకు పోతుంటే నన్ను మోచేత్తో పొడిచేది.

"చూడవే యోర్దిస్, ఎవరూ తరమకుండానే ఎంత బుద్ధిగా పోతున్నాయో! మన మునిసిపాలిటీ వాళ్లకి ఇందులో సగం బుద్ధున్నా ఈ రోడ్డు ఎప్పుడో బాగుపడేది."

ఆవిడ చెల్లెలి కొడుకు బ్రీంజార్. తల్లి చిన్నప్పుడే పోతే అక్క ఇంట్లోనే పెరిగాడు. పక్షిని చూడ్డం వాడికి నేర్పింది ఆవిడే. ఇప్పుడు వాడికో వ్యాను ఉంది. పొయ్యి గొట్టాలంత కెమెరాలు వేసుకొచ్చే విదేశీయుల్ని మంచు మైదానాల్లో తిప్పుతాడు. వాళ్లకి బస అక్క ఇంటి మేడ మీద, తిండి అక్క చేతి చేపల పులుసు.

ఆ ఏడు తూర్పుకు పోతూ పోతూ ఒక తెల్ల గుడ్లగూబ మా రెయిన్‌డీర్ జింకల కంచె దగ్గర ఆగింది. ముందు చూసింది అక్కే. పరుగున ఇంటికొచ్చి బ్రీంజార్‌కి చెప్పింది. వాడు ఆవిణ్ణి అమాంతం ఎత్తి తిప్పాడు. ఆవిడ నవ్వుతూ వాడి వీపు మీద గుద్దింది.

వారం తిరిగేసరికి గుడ్లగూబ ఫోటోలు అందరి ఫోన్లలోకీ వచ్చాయి. రెక్కలు విప్పి, కాళ్లు చాపి, కళ్లు నేరుగా మనవైపే పెట్టి. "ఎంత అదృష్టమో!" అన్నాను నేను. అక్క ఫోన్ నా చేతికిచ్చేసి, "ఇలా రోజూ ఎదురొస్తుందా? దాని పని దానికి లేదా?" అంది.

ఆ మధ్యాహ్నమే కాఫీకి కూర్చున్నాం. రొట్టె మీదకి రొయ్యలు తీద్దామని అక్క ఫ్రిజ్‌లో డబ్బా మూత తీసి, చూడకుండానే చెయ్యి పెట్టింది. చప్పున వెనక్కి లాక్కుంది. లోపల చచ్చిన తెల్ల ఎలుకలు. మంచు కరిగి, చెమ్మతో ఒకదానికొకటి అతుక్కుని, గులాబీ రంగు కాళ్లు పైకి పెట్టి ఉన్నాయి. ఒక్కోదాని నడుముకీ చేపలు పట్టే నైలాన్ దారం.

అక్క సింకులో కక్కి, నోరు కడుక్కుని తలెత్తింది.

"దారం కట్టి మంచు మీద లాగుతున్నాడు వెధవ! బతికుందనుకుని ఆ గుడ్లగూబ దూకుతుంది, వీళ్లు కెమెరాలు టపటపా నొక్కుకుంటారు. ఛీ! నా రొయ్యల డబ్బాలో పెట్టాడే!"

సాయంత్రం వాణ్ణి నిలదీసింది. వాడు బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏమైంది పెద్దమ్మా ఇప్పుడు? దానికి ఊరికే తిండి దొరుకుతోంది. చివర్లో దారం తెంపేస్తాంగా."

"మింగాక తెంపుతావా?"

"అబ్బ, నీకన్నీ రోతే!"

"అవున్రా, రోతే. నిన్ను చూస్తేనే రోతగా ఉంది."

వాడు మానలేదు. రోజులు గడిచేకొద్దీ ఆ పక్షి వేటకే పోవడం మానేసింది. రోడ్డు పక్క స్తంభమెక్కి వ్యాను కోసం కాచుకునేది. ముష్టివాడిలా అయిందంటూ అక్క అటు చూడ్డమే మానేసింది.

మే పదిహేడున, మా దేశపు పండగ పొద్దున, జెండాలు కట్టడానికి బడికి వెళ్తూ కంచె పక్క నుంచి నడిచాం. తీగకి తెల్లగా ఏదో వేలాడుతోంది. గుడ్లగూబ. ముక్కులోంచి వచ్చిన దారం ముళ్ల తీగకి చుట్టుకుంది. కొట్టుకుని కొట్టుకుని చచ్చినట్టుంది, చుట్టూ మంచంతా ఈకలు, రెట్ట, రక్తం. అక్క ఏడవలేదు. పండగ శాలువా తీసి దాన్ని చుట్టి చంకలో పెట్టుకుంది.

బడి హాల్లో ఊరంతా ఉంది. మీగడ కేకులు, సాసేజ్‌లు, పాటల బృందం. బ్రీంజార్ సూటేసుకుని తన అతిథులకి కాఫీ పోస్తున్నాడు. అక్క తిన్నగా వెళ్లి వాళ్ల బల్ల మీద శాలువా విప్పింది. ముక్కు తెరిచి దారం పట్టుకుని లాగింది. దారంతో పాటు కుళ్లిన ఎలుక ముద్ద, బొచ్చు, పచ్చటి రసం తెల్ల గుడ్డ మీద పడ్డాయి. ఆ కంపుకి ముందు వరసలో వాళ్లు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

"ఇదిగో, మీ ఫోటోల వెనకున్నది. దీన్నీ ఫోటో తీసుకోండి."

"పెద్దమ్మా, ఇక్కడ పిల్లలున్నారు!"

"ఉండనీ. నీకు పక్షుల్ని చూపించినప్పుడు నువ్వూ పిల్లాడివే."

పాటల బృందం పెద్దావిడ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "పండగ పూట ఇదేం రోత పని ఓస్లౌగ్! ఇస్త్రీ చేసిన బల్లగుడ్డంతా పాడుచేశావు" అంది. చాలామంది తలలూపారు. అక్క వాళ్లందర్నీ ఒకసారి కలయజూసింది.

"గుడ్డకా ఏడుస్తున్నారు? థూ!"

అక్కడే, హాలు నేల మీదే ఉమ్మింది. నేనూ ఆవిడ వెనకే బయటికి వచ్చేశాను.

అతిథుల్లో ఒక డచ్చి ఆవిడ మా వెంట పరుగెత్తుకొచ్చి, అక్క కళ్ల ముందే తన కెమెరాలో ఫోటోలన్నీ చెరిపేసింది. "సరే, చెరిపావు. నేనేం చెయ్యను?" అని అక్క నడిచిపోయింది. ఆ రోజే మేడ మీది పరుపులు చుట్టేసి తాళం పెట్టింది.

బ్రీంజార్‌కి ఏ నష్టమూ రాలేదు. అతిథుల్ని వేరే ఇంట్లో దింపాడు. ఆ ఫోటోల్లో ఒకదానికి ఎక్కడో బహుమతి వస్తే, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కొట్టులో దాన్ని పెద్దది చేసి వేలాడదీశారు. అప్పట్నుంచి అక్క కొట్టు లోపలికి పోదు. గుమ్మం బయటే నిలబడి, పాలు తెచ్చివ్వమని కేకేస్తుంది.

ఆకులు రాలే రోజుల్లో వాడు ఒకసారి వచ్చాడు. చేతిలో అప్పుడే పట్టిన పెద్ద కాడ్ చేప.

"లోపలికి రానా పెద్దమ్మా? ఎలుకల పని మానేశాను."

"చేతులు కడుక్కుని రా."

చాలాసేపు కడిగాడు. అక్క బంగాళాదుంపలు ఉడకబెట్టి, తన దగ్గరున్న చేపే వండిపెట్టింది. వాడు తిన్నాడు. పడవల గురించి, వాన గురించి ఏవో రెండు మాటలు మాట్లాడి వెళ్లాడు. వ్యాను మలుపు తిరిగాక ఆవిడ లేచి, వాడు తెచ్చిన చేపని తోకపట్టుకుని రేవు గోడ మీదికి తీసుకెళ్లి సీగల్ పక్షులకి విసిరేసింది.

"మంచి చేపే అక్కా!" అన్నాను ఉండబట్టలేక.

"మంచిదే. వాడి ముక్కు తుడిచిన చేతులే ఇవి యోర్దిస్. అయినా వాడు ముట్టుకున్నది నా గొంతు దిగదే, ఏం చెయ్యను?" అంటూ అరచేతులు రెండూ పావడాకు గట్టిగా రుద్దుకుంది.