అర్ధాయుష్యం మందుకు, మనిషికి కాదు

మొన్న పొద్దున పాల గిన్నె పట్టుకొని గేటు తీస్తే పక్కింటి మేడమ్ కొడుకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. "అక్కా, అమ్మ నిద్రలనే పోయింది," అన్నాడు. ఆమె దగ్గర ఫిజిక్స్ చదువుకున్నవాళ్లు నాందేడ్‌లో వీధికొకరు ఉంటారు. నేను చదువుకోలేదు. అయినా నాకు తెలిసిన కాస్త ఫిజిక్స్ ఆమె చెప్పిందే.

మేడమ్ వాళ్లది తెలంగాణ సరిహద్దున బిలోలి వైపు పల్లె. ఇంట్లో తెలుగు, కాలేజీలో మరాఠీ, కూరగాయల బండి దగ్గర దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు. ఏదైనా వివరించబోతే ముందు కొంగు నడుముకు బిగించేవారు. అది చూసి మా వీధిలో పనులున్నవాళ్లు మెల్లగా జారుకునేవారు.

నా కూతురు ఇంకా బడికి కూడా పోని రోజుల్లో నాకు థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. తరవాత రేడియోధార్మిక అయోడిన్ మింగించి, గోడలకు సీసపు రేకులు వేసిన గదిలో ఒంటరిగా ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు, కొంతకాలం పాపను దగ్గరికి తీసుకోవద్దన్నారు.

నేను మేడమీది గదిలో చేరాను. కింద అత్తమ్మ ఏడుస్తుంటే మేడమ్ వచ్చి కూర్చున్నారు. వాళ్ల మాటలు నాకు పైకి వినబడుతున్నాయి.

"ఆ మందుకు అర్ధాయుష్యం ఎనిమిది దినాలు..." అని మొదలుపెట్టారు మేడమ్. హాఫ్ లైఫ్‌కు కాలేజీలో మరాఠీలో చెప్పే మాటే నోటికి వచ్చినట్టుంది.

అత్తమ్మ ఘొల్లుమంది. "అయ్యో, నా కోడలికి సగం ఆయుష్షేనా మేడమ్!"

మేడమ్ ఫక్కున నవ్వారు. "మందుకక్కా, మనిషికి గాదు! ఎనిమిది దినాలల్ల మందు జోరు సగం పోతది. ఇంకో ఎనిమిదికి మిగిలిన దాంట్ల సగం. గట్ల తగ్గుకుంట పోతది. మూత్రంల గూడ శాన ఎల్లిపోతది."

పైన నేనూ నవ్వాను. రోగం పేరు విన్న తరవాత అదే మొదటి నవ్వు.

"మరి మనింట్ల గోడలకు సీసం లేదు గద?" అని అడిగింది అత్తమ్మ.

"దవాఖానల మందు జోరు ఎక్కువుంటది, దినాం గా మందు మింగినోళ్లు ఎవరో ఒకరు ఉంటరు. గందుకే అక్కడ సీసం. కొన్ని కిరణాలు పల్చటి రేకుకే ఆగుతయి, కొన్ని గోడను గూడ దాటుతయి. మనకు దూరమే పెద్ద అడ్డం. రెండింతలు దూరం జరిగితే తాకేది సగం గాదు, పావే. ఎన్ని దినాలన్నది మాత్రం డాక్టర్‌నే అడుగుండ్రి, నన్ను గాదు."

రోజూ సాయంత్రం వాళ్ల డాబా చివర నిలబడి నాతో కబుర్లు చెప్పేవారు. గొంతు పెద్దది కాబట్టి, మా ఇంటి సంగతులన్నీ వీధికి తెలిసిపోయేవి.

గడువు ముగిసింది. డాక్టరు ఫోన్లో సరే అన్నారు. పాప మెట్లెక్కి పరుగెత్తుకొచ్చింది. నేను వెనక్కి జరిగాను. అది ఆగిపోయి నా ముఖంలోకి చూసింది. మళ్లీ నా వైపు రాలేదు. "ఎత్తుకో బిడ్డా," అని అత్తమ్మ ఎంత చెప్పినా నా చేతులు లేవలేదు. అందరి భయమూ పోయింది, నాది పోలేదు.

మేడమ్‌కు ఎవరు చెప్పారో, నేరుగా పైకి వచ్చి నా భుజానికి భుజం తగిలేలా మంచం మీద కూర్చున్నారు.

"ఇంక మిగిలింది మందు గాదు, భయం. దీనికి అర్ధాయుష్యం లేదమ్మా. దానంతట అది తగ్గది."

పాపను పిలిచి నా ముందు కూర్చోబెట్టి, దువ్వెన నా చేతికిచ్చారు. జడ వేయడం మొదలుపెట్టాను.

"అమ్మా, గట్టిగ గుంజకు, నొస్తుంది!" అని పాప అరిచింది.

ఆ కసురు వినగానే నాకు ఏడుపు ఆగలేదు. మేడమ్ నా వీపు మీద చెయ్యి వేసి, నేను ఊరుకునేదాకా పక్కనే ఉన్నారు.

పోయిన నెల ఒక సాయంత్రం మేడమ్ మార్కెట్‌కు బయలుదేరితే మా అమ్మాయి తోడు వెళ్లింది. ఇప్పుడది పదకొండో తరగతి. నేను డాబా మీదినుంచి చూస్తున్నాను. దాని మణికట్టు పట్టుకొని నడుస్తూ, మేడమ్ సందు మధ్యలో ఆగి, కొంగు నడుముకు బిగించి ఏదో చెబుతున్నారు. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆగమని వాడికి చెయ్యి చూపించారు. మాట పూర్తి చేశారు. మా అమ్మాయి తలూపింది. అప్పుడు ఇద్దరూ పక్కకు జరిగారు.