కాందిశీకులంటే ఏటి

ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే పెద్దమనుషులంటే నాకు ఇప్పటికీ కంపరమే. అరవైల చివర యూనివర్సిటీ గేటు దగ్గర పూల లుంగీ కట్టుకున్న ఒక ముసలామె బస్సెక్కి నా పక్కన కూర్చుంది. బర్మా నుంచి తరిమేస్తే వచ్చిన తెలుగామె. ముందు సీటాయన రుమాలు తీశాడు.

"కాందిశీకులు. మా మల్కాజ్‌గిరిల ఏడ చూసినా గీళ్లే ఉన్నరు," అన్నాడు భార్యతో. ఆమె కొంగు దగ్గరకు లాక్కుంది. నాకు ఒళ్లు మండింది గానీ కిటికీ వైపు తిరిగాను.

ముసలామె నా చేతిలోని తెలుగు పుస్తకాలు చూసింది.

"సదువుకున్నోడివి గదా బాబూ. మమ్మల్నందరూ కాందిశీకులంటన్నారు. అంటే ఏటి?"

ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తి వచ్చినవాళ్లని అర్థం. తెలుగు ఎమ్మే చదువుతున్న నేను, "చుట్టాలు" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. తార్నాకలో దిగబోతూ ముసలామె, రుమాలాయన భార్య భుజం మీద చెయ్యి వేసింది.

"మేం మీ కాందిశీకులమమ్మా. ఓపాలి మా ఇంటికి రండి."

బస్సంతా గొల్లుమంది. ఎందుకో తెలియకపోయినా ఆమె కూడా నవ్వుతూనే దిగిపోయింది.

ఆ నవ్వుల్లో నాదీ ఉంది.